ఇవాన్ కథ పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రష్యాను ఏలిన 'భయంకర ఇవాన్' మీద రాయాలనుకోవడం నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలో ఏడేళ్ల పిల్లాణ్ణి ఏడిపించి, చివరి పేజీలో అతని చేత 1570లో నవ్‌గొరొద్ అనే తన రాజ్యపు నగరంలోనే ఊచకోత చేయించావు. మధ్యలో ముప్పైరెండేళ్లున్నాయి తల్లీ. వాటిని ఒక్క 'అందుకే'తో దాటేశావు. నేనూ నా మొదటి నవలలో దుర్మార్గుడికి తాగుబోతు తండ్రిని తగిలించాను. నా పని సులువైంది, పాత్ర చచ్చుబడింది.

బాల్యం ఘోరమే, కాదనను. 1533లో మూడేళ్లకే తండ్రి పోయాడు. 1538లో తల్లి పోయింది, విషం పెట్టారని పుకారు. పెంచిన దాదిని మఠానికి పంపేశారు. ఇక షూయిస్కీలు, బెల్‌స్కీలు అనే పెద్దింటి వాళ్ల కుమ్ములాటల మధ్య పెరిగాడు.

అయితే నువ్వు కొరడా దెబ్బలు రాశావు. ఇవాన్ చెప్పుకున్నది అది కాదు. తిండికీ బట్టకీ కటకటలాడామన్నాడు. తానూ తమ్ముడూ ఆడుకుంటుంటే షూయిస్కీల్లో ఒకడు బెంచీ మీద కూర్చుని, తండ్రి మంచానికి మోచెయ్యి ఆనించి, కుర్చీ మీద కాలు పెట్టాడన్నాడు. అంతే. ఆ మోచెయ్యి ఇన్నేళ్లూ మర్చిపోలేదు చూశావా! కొరడా వదిలేసి ఆ మోచేతి గురించే రాయి.

కాకపోతే ఎవరు, ఎప్పుడు చెప్పారో చూసుకో. 1564లో, తన సేనాని కూర్బ్‌స్కీ లిథువేనియాకు పారిపోయి నిందిస్తూ రాస్తే, ఇవాన్ జవాబులో చెప్పిన మాటలివి. ముప్పై దాటినవాడి సంజాయిషీ. చిన్నప్పుడే ఎత్తు నుంచి జంతువుల్ని విసిరేవాడని రాసిన కూర్బ్‌స్కీ కూడా పగవాడే. ఆ ఉత్తరాలు అసలువే కావన్న చరిత్రకారుడూ ఉన్నాడు. కాబట్టి ఆ బాల్యాన్ని నీ మాటగా చెప్పకు, ఇవాన్ నోట చెప్పించు.

మధ్య ఏళ్లలో బోలెడు సరుకుంది. పదమూడో ఏట ఆంద్రేయ్ షూయిస్కీని పట్టించి కుక్కల కాపరులకు అప్పగించాడు, వాళ్లు చంపేశారు. 1547లో పట్టాభిషేకం, 1550లో కొత్త చట్టాలు. మామూలుగా, బాగానే ఏలాడు! 1560లో భార్య అనస్తాసియా చనిపోతే, విషప్రయోగమే అని నమ్మాడు. 1565లో ఒప్రీచ్నికులనే అతని సొంత నల్లబట్టల దళం పుట్టింది. వాళ్లు గుర్రానికి కుక్క తల కట్టుకుని తిరిగేవారట. ఆ కాపరుల కుక్కలూ ఈ కుక్క తలా ఒకటేనా? నా ఊహ మాత్రమే. నువ్వు కలపకు, రెండూ కథలో ఉండనీ.

ఇంకొకటి. ఆ గదిలో తమ్ముడు యూరీ కూడా ఉన్నాడు. చెవుడు, మూగ. అతనికీ అదే తండ్రి చావు, అదే ఆకలి. నీ కథలో అతని పేరే లేదు. రాజ్యం చేతికి రాలేదు కాబట్టి అతని కోపం ఎవరికీ తెలీదు, అసలుందో లేదో కూడా. ఆ మోచేతి సీను యూరీ వైపు నుంచి ఒకసారి రాసి చూడు. మాటలుండవు, టెన్షన్ పడకు.

సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉంటాను. ఆ ఒక్క సీనూ పంపు చాలు.