సీరియల్ నంబరు అడిగే వెబ్ యాప్‌కు అనుమతి ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా సంస్థలోని క్రోమ్‌ఓఎస్ (గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్లన్నీ గూగుల్ అడ్మిన్ కన్సోల్ నిర్వహణలో ఉన్నాయి. కొత్తగా తీసుకున్న హాజరు యాప్‌కు ప్రతి యంత్రం సీరియల్ నంబరు, అసెట్ ఐడీ (యంత్రానికి మా సంస్థ ఇచ్చుకున్న గుర్తింపు) కావాలట. తమ వెబ్ చిరునామాను, ఆ వివరాలు చదవగల సైట్ల అనుమతుల జాబితాలో చేర్చమని యాప్ రూపొందించినవారు అడుగుతున్నారు. చేర్చవచ్చా?

జవాబు: యాప్ పేరు మారుతోందే తప్ప ఈ ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. చేర్చవచ్చు. అయితే ముందుగా, ఆ నంబరుతో ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి. ఏ యంత్రం నుంచి హాజరు పడిందో నమోదు చేసుకోవడానికైతే అభ్యంతరం లేదు. యంత్రం మీదేనని నిర్ధారించుకోవడానికి అంటే మాత్రం ఆ డిజైన్‌లోనే లోపం ఉంది. సీరియల్ నంబరు రహస్యమేమీ కాదు, యంత్రం అడుగునే ముద్రించి ఉంటుంది. పైగా బ్రౌజర్ నుంచి సర్వర్‌కు వెళ్లే సమాచారాన్ని బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్ తెలిసినవారెవరైనా మార్చి పంపగలరు. నిర్ధారణే కావాలంటే అందుకు డివైస్ సర్టిఫికెట్లు, అంటే యంత్రానికిచ్చే డిజిటల్ గుర్తింపు పత్రాలు ఉన్నాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. కెమెరా విషయంలోలా ఇక్కడ వినియోగదారుడిని ఎవరూ అడగరు. అడ్మిన్ అనుమతిస్తే పేజీ నిశ్శబ్దంగా చదివేస్తుంది. కుకీలను చెరిపేసినా ఆ నంబరు మారదు. ఆ అనుమతి కూడా మీరు అనుకుంటున్నట్టు ఒక్క యాప్‌కు కాదు, ఆరిజిన్‌కు, అంటే ప్రోటోకాల్, హోస్ట్ పేరు, పోర్టు మూడూ కలిసిన చిరునామాకు చెందుతుంది. స్లాష్ తర్వాత వచ్చే దారి లెక్కలోకి రాదు కనుక, అదే హోస్ట్‌పై ఎవరూ పట్టించుకోని పాత అభిప్రాయ సేకరణ పేజీ ఉంటే, అందులోని లోపం హాజరు యాప్‌కు కూడా ముప్పే. సందర్శకుల లెక్క కోసం పేజీలో చేర్చిన బయటి స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) సైతం ఆ పేజీకున్న అధికారంతోనే నడుస్తుంది. ఆ స్క్రిప్ట్ ఉన్న సర్వర్ ఎవరి చేతికైనా చిక్కితే, తెరపై కనిపించే ఉద్యోగి పేరూ, అతని యంత్రం నంబరూ జంటగా బయటికి పోతాయి. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి, ఆ రెండూ చెప్పి పాస్‌వర్డ్ మార్పించుకోవడానికి మోసగాడికి అంతకన్నా ఏం కావాలి?

ఇంత జరగగలదని తెలిసి కూడా, ఇన్‌స్టలేషన్ సూచనల్లో మొత్తం డొమైన్‌కు అనుమతి ఇమ్మని ఒక్క వాక్యంతో సరిపెట్టే కంపెనీలపై నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. తమ సౌకర్యం కోసం మీ ఉద్యోగుల భద్రతను పణంగా పెట్టే హక్కు వారికి లేదు.

హాజరు యాప్‌కు మాత్రమే కేటాయించిన ప్రత్యేక సబ్‌డొమైన్‌ను పట్టుబట్టి అడగండి. దాని హెచ్‌టీటీపీఎస్ చిరునామాను పూర్తిగా రాసి, యాప్ వాడే విభాగానికే ఈ అనుమతి పాలసీని వర్తింపజేయండి. బయటి స్క్రిప్ట్‌లను నియంత్రించే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ ఆ సర్వర్‌లో ఉందో లేదో మీరే పరిశీలించండి. ఒప్పందం ముగిసిన రోజునే ఆ చిరునామాను జాబితాలోంచి తీసేయండి. గడువు తీరిన డొమైన్‌ను రేపు ఎవరైనా కొనుక్కోవచ్చు.