పాలిష్ బియ్యం తింటే బి1 విటమిన్ తగ్గుతుందా? ఏవి తినాలి?

తగ్గుతుంది. థయమిన్ అనే ఈ విటమిన్ ఎక్కువగా ఉండేది గింజ పైపొరలో, మొలకలో. వరంగల్ మిల్లుల్లో బియ్యం మల్లెపూవులా తెల్లబడేసరికి చాలావరకు తవుడులో కలిసి పశువుల దాణాకు పోతుంది. మిగిలింది నీళ్లలో కరిగేదే. నాలుగుసార్లు కడిగి, గంజి కూడా వార్చేస్తే ఇక చెప్పేదేముంది! ఉప్పుడు బియ్యం నయం: వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. మన యాసంగి వడ్లతో ఎక్కువగా చేసేది అదే, మనకేమో అది రుచించదు.

అన్నాన్ని శక్తిగా మార్చడానికి, నరాలకు, గుండెకు ఈ విటమిన్ అవసరం. బాగా లోపిస్తే నరాలను, గుండెను దెబ్బతీసే బెరిబెరి అనే జబ్బు వస్తుంది. పెద్దలకు రోజుకు మిల్లీగ్రాము పైచిలుకు చాలు. జొన్నరొట్టె, పెసరపప్పు, పల్లీలు, నువ్వులు తినండి. మద్యం అలవాటుంటే థయమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చూపించుకోండి.