టైప్‌ 1 షుగరుతో పాలస్తీనా పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు, టైప్‌ 1 షుగరు ఉంది. తోటివారికి తెలుస్తుందని స్కూల్లో మధ్యాహ్నం ఇన్సులిన్‌ మానేస్తోంది. గాజాలో ఈ జబ్బున్న పిల్లలు ఎలా బతుకుతున్నారో చెప్పి ఆమెకు బుద్ధి చెప్పాలనుకుంటున్నాను. వివరించగలరు.
– ఒక తల్లి, కరీంనగర్‌

జవాబు: అమ్మా, గాజాలో 2023 అక్టోబరు నుంచి ఇళ్లకు గ్రిడ్‌ కరెంటు లేదు. 2025 మార్చి 2 నుంచి పదకొండు వారాల పాటు ఇజ్రాయెల్‌ ఆహారం, మందులు కూడా లోపలికి రానివ్వలేదు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్‌ లేని గుడారంలో తడిగుడ్డో, మట్టికుండో దిక్కు. అంతకంటే పెద్ద చిక్కు తిండితో వస్తుంది. ఇంజెక్షన్‌ వేసుకున్నాక రొట్టె దొరక్కపోతే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది, వేసుకోకపోతే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణాల మీదికి వస్తుంది. ఈ రెంటి మధ్య డోసు తగ్గించుకుంటూ రోజు గడపడాన్ని మనం ధైర్యమని మెచ్చుకోవచ్చు గానీ, వైద్యుడిగా నేను దానిని చికిత్స అనలేను.

పాలస్తీనాలోని మరో ప్రాంతమైన వెస్ట్‌ బ్యాంక్‌ సంగతి వేరు. శరణార్థి శిబిరాల్లో ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ క్లినిక్‌లు ఇన్సులిన్‌ ఇస్తాయి, అయితే పెద్దాసుపత్రికి వెళ్లాలంటే దారిలో చెక్‌పోస్టులు దాటాలి. అక్కడి పిల్లల మిగతా కష్టాలు మాత్రం మీ అమ్మాయివే. ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెంలోంచి అన్నం, మాంసం, వంకాయ కలిపి వండిన మక్లూబా తింటుంటే తన వంతు అన్నం ఎంతో లెక్కకట్టి డోసు వేసుకోవడం ఆ వయసుకు తేలిక కాదు. రంజాన్‌లో జబ్బుపడినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నా, తోటివారితో పాటు ఉండాలనుకునే పిల్లలు పట్టుబడతారు. ఆడపిల్లకు షుగరని తెలిస్తే సంబంధాలు రావన్న బెంగ అక్కడి ఇళ్లలోనూ ఉంది.

అందుచేత గాజా పిల్లలను చూపి దెప్పకండి. దెప్పితే దాపరికం ఇంకా పెరుగుతుంది. ఆమె ఎంచుకున్న ఒక స్నేహితురాలికీ, క్లాస్‌ టీచర్‌కూ ఆమె చేతనే విషయం చెప్పించండి. ఇంజెక్షన్‌ వేసుకోవడానికి టాయిలెట్‌ కాకుండా స్టాఫ్‌రూమ్‌లో చోటు అడగండి. బ్యాగులో గ్లూకోజ్‌ పొడి ఉండాలి: వణుకు, చెమటలు పడితే సుమారు 15 గ్రాములు తీసుకుని, పావుగంటకు మళ్లీ పరీక్షించుకోవాలి. జ్వరమొచ్చి తిండి సహించని రోజున కూడా ఇన్సులిన్‌ పూర్తిగా ఆపకూడదు, ఎంత వేయాలో మీ డాక్టరును ఫోన్‌లోనైనా అడగండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.