సాయంత్రం వాలే రెప్ప

బిడ్డా,

దేవరకొండలో డాక్టరుగా డ్యూటీలో చేరావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. కండరాల జబ్బులు ఎలా పట్టుకోవాలో పెద్దనాయన్ని అడగమన్నావట. నా తప్పుతోనే మొదలుపెడతా.

ఒకామె 2 నెలల్లో 4 సార్లు నా ఓపీకి వచ్చింది. ప్రతిసారీ "చాతనైతలేదు సారూ" అనేది. పొద్దున 10 గంటలకు చూస్తే బలం బాగానే ఉండేది. టెన్షన్ అనుకుని బలం గోలీలు రాసిచ్చాను. చివరికి ఆమె భర్తే అన్నాడు: "పొద్దుమూకినంక సూడుండ్రి సార్, కండ్లు తెరువది, బువ్వ నములది." మయస్థీనియా, అంటే వాడేకొద్దీ కండరం అలసిపోయే జబ్బు, అలాంటిది, పొద్దున ఓపీలో దాక్కుంటుంది. అందుకే నీరసం అన్నవాళ్ళను ఏ పని, ఏ పూట కావడం లేదో అడుగు. నిమిషంసేపు పైకి చూడమను. రెప్ప వాలితే గుడ్డలో ఐసు చుట్టి, మూసిన కంటిమీద 2 నిమిషాలు పెట్టు. రెప్ప లేచిందా, సగం దారి దొరికినట్టే. యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చిందని మాత్రం వదిలేయకు. జబ్బు కళ్ళకే ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి అది నెగెటివే.

అదే రెప్ప తెల్లారి వాలిందంటే కథ వేరు. కింద పడుకుని లేచినవాడు కడుపునొప్పి అంటూ, మాట ముద్దగా వస్తుంటే ముందు కట్లపామును అనుమానించు. గాటు వెతుకుతూ కూర్చోకు, చాలాసార్లు కనిపించదు. పురుగుమందు తాగి కోలుకున్నాడనుకున్నవాడు రెండో మూడో రోజు దిండుమీంచి తల ఎత్తలేకపోతున్నాడంటే, తర్వాత పోయేది ఊపిరే.

మన నల్లగొండలో ఇంకో చిక్కుంది. కాళ్ళు పడిపోతున్నాయంటే చాలు, ఊరివాళ్ళూ మనమూ ఫ్లోరైడ్ అనేస్తాం. ఫ్లోరోసిస్‌లో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్ళు బిగుసుకుంటాయి, మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగిరిపడుతుంది, స్పర్శ కూడా తగ్గొచ్చు. కండరం జబ్బులో స్పర్శ పోదు. కింద కూర్చుని లేవడం, బస్సు మెట్టు ఎక్కడం, బిందె ఎత్తుకోవడం ముందు పోతాయి. సుత్తి నీదే కొనుక్కో, ఆస్పత్రిలోది అవసరానికి ఎప్పుడూ దొరకదు.

నాలుగేళ్ళ పిల్లాడు తొడలమీద చేతులు ఆనించి లేస్తున్నాడు, పిక్కలు లావుగా ఉన్నాయి. లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్ ఎక్కువుందని వాణ్ణి కామెర్ల పసరుకు తీసుకుపోనివ్వకు. ఆ ఎంజైమ్ కండరంలోంచీ వస్తుంది. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే పరీక్ష చేయించు, డుషేన్ అనే పుట్టుకతో వచ్చే కండరాల జబ్బులో అది వేలల్లో ఉంటుంది. పెద్దవాళ్ళలో సీపీకే పెరిగితే కొలెస్ట్రాల్ గోలీల సంగతి, థైరాయిడ్ సంగతి తేల్చాకే కండరం ముక్క తీసి చూసే బయాప్సీ మాట.

మయస్థీనియా అనుమానంతో నిమ్స్‌కు రాసే చీటీలో ఏ కండరం అలసిపోతోందో రాయి. నరానికి కరెంటు ఇచ్చి కండరం అలసటను చూసే పరీక్ష బలంగా ఉన్న కండరానికి చేస్తే మామూలుగానే వచ్చేస్తుంది. పంపేముందు ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పించు. 20 దాటకపోతే ఆటోలో కాదు, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు ఉన్న అంబులెన్సులో, నర్సును తోడిచ్చి పంపు. జ్వరం ఉంది కదా అని ఆ లోపు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం వేయకు, ఈ జబ్బును అది ఇంకా ముదరబెడుతుంది.

మీ పెద్దనాయన