అడ్వర్టైజింగ్ విద్యార్థులు ఆనర్ సొసైటీలో చేరితే ఉపయోగం ఉంటుందా?

అమెరికాలో అడ్వర్టైజింగ్ చదువుతున్నాను, ఆల్ఫా డెల్టా సిగ్మా అనే ఆనర్ సొసైటీ (చదువులో ముందున్న విద్యార్థుల సంఘం) నుంచి పిలుపు వచ్చింది, డబ్బు కట్టి చేరాలా అని అడిగారు కదా. చేరండి, అది నకిలీ సంస్థ కాదు. 1913లో మిస్సోరీ యూనివర్సిటీలో మగవాళ్ల సంఘంగా మొదలైంది, అక్కడే 1920లో ఆడవాళ్లకు గామా ఆల్ఫా కై అనే సంఘం వచ్చింది, ఇప్పుడు ఆల్ఫా డెల్టా సిగ్మా అమెరికన్ అడ్వర్టైజింగ్ ఫెడరేషన్ కింద నడుస్తోంది. మంచి జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉన్నవాళ్లనే తీసుకుంటారు.

కాకపోతే ఏజెన్సీలో ఉద్యోగానికి వెళ్తే ముందు చూసేది మీ పని. అందుకే అదే ఫెడరేషన్ ఏటా పెట్టే విద్యార్థుల పోటీకి మీ కాలేజీ టీమ్‌లో తప్పకుండా పేరివ్వండి: నిజమైన కంపెనీ ఇచ్చిన సమస్యకు రీసెర్చ్ నుంచి మీడియా బడ్జెట్ దాకా మొత్తం క్యాంపెయిన్ తయారుచేసి జడ్జిల ముందు నిలబడి ఒప్పించాలి. టెన్షన్ ఉంటుంది. ఆ క్యాంపెయిన్ మొత్తం రాసిపెట్టిన ప్లాన్స్ బుక్‌నే ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.