కొత్తగా గైడ్‌గా చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పర్యాటకుల్ని తిప్పే పనికి కుదిరావని మీ నాన్న చెప్పాడు. రాత్రింబవళ్లు తేదీలు బట్టీ పడుతున్నావట. పట్టు, తప్పులేదు. కాకపోతే గైడ్లుగా మేం గడగడా అప్పజెప్పినదంతా ఇప్పుడు వచ్చేవాళ్ల ఫోన్‌లోనే దొరుకుతుంది. వాళ్లు నిలబడి చూసేలా చెయ్యడమే ఇక నీ పని.

ముందు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి ఉన్న చెక్క బొమ్మ దగ్గరికి వెళ్లగానే "వెనక మార్గరెట్టా ఉంది" అని చెప్పెయ్యకు. ముందువైపు నిలబెట్టి ఊరుకో. ఎవరో ఒకరు, ఎక్కువగా పిల్లలే, బొమ్మ వెనకున్న అద్దంలో తల వంచుకున్న అమ్మాయిని పట్టేస్తారు. "అరే, వెనక ఇంకొకరున్నారు!" అన్నాక చెప్పు, రెండూ ఒకే దుంగలో చెక్కారని. ముందే చెబితే తలూపి పక్క గదికి నడుస్తారు.

ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గరా అంతే. రాతి ముసుగులోంచి ముక్కు ఎలా కనబడుతోందో వాళ్లనే అడుగు. బెంజోని చెక్కాడనీ, 1876లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడనీ ఆ తర్వాత ఒక్క ముక్కలో చెబితే చాలు.

"దీని ధరెంతమ్మా?" అని తప్పకుండా అడుగుతారు. నవ్వకు. ఎవరు కొన్నారు, అంత డబ్బు ఎక్కడిది అన్నదాకా ఆ ప్రశ్నే తీసుకెళ్తుంది. దివాన్ల సంపద, జాగీర్ల మాట వస్తే దాటెయ్యకు. నైజాం కాలం గురించి ఇంట్లో పెద్దల నోట విన్న తాతలు గుంపులో ఉంటారు. వాళ్లు మొదలుపెడితే నువ్వు పక్కకి జరుగు. వాళ్లు చెప్పినదాంట్లో పొరపాటుంటే మెల్లగా సర్దు, పదిమందిలో పరువు తియ్యకు.

సంగీత గడియారం దగ్గరికి పన్నెండింటికి జనం విరగబడతారు, ఎక్కువ గంటలు కొడుతుందని. కాస్త ముందే వెళ్లి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టు. గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొడుతున్నంతసేపూ నోరు మెదపకు.

అన్ని గదులూ చూపించాలన్న పంతం వద్దు. మోకాళ్ల నొప్పులవాళ్లకి బెంచీ ఎక్కడుందో, బాత్రూమ్ ఎక్కడుందో మొదట్లోనే చెప్పు. అది తెలియక టెన్షన్ పడేవాళ్లకి ఏ బొమ్మా కనబడదు.

శుక్రవారం మ్యూజియానికి సెలవే కదా, భోజనానికి రా. మొదటి వారంలో నువ్వు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలన్నీ రాసుకుని తీసుకురా.

మీ పెదనాన్న