మీరడిగారు: ఆ బొమ్మలో ఖాళీలు ఎవరివి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండు నుంచి ఒక ఫొటో పంపాడు. సఫొక్‌లో వెన్‌హాస్టన్ అనే పల్లె, అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి. చెక్కపలకల మీద తీర్పుదినం బొమ్మ ఉంది. నడుమ సిలువ ఆకారంలో ఒక ఖాళీ, అటూ ఇటూ మనుషుల ఆకారంలో మరో రెండు. రంగు పెచ్చులూడిందా? ఇంకో చర్చిలో గోడలోంచి మెట్లు పైకెళ్లి గాల్లో ఆగిపోయాయట. అవి ఎక్కడికి?
- ఒక పాఠకురాలు

జవాబు: పెచ్చులూడలేదండీ, అక్కడ అసలు రంగే వెయ్యలేదు.

మధ్యయుగంలో ఇంగ్లండు ఊరి చర్చి ప్రధానంగా రెండు భాగాలు. పడమట జనం నిలబడే నేవ్, తూర్పున బలిపీఠం ఉండే చాన్సెల్. (నిలబడే అన్నది పొరపాటు కాదు. అందరికీ బల్లలు 15వ శతాబ్దం నాటికిగానీ మామూలు కాలేదు.) రెంటికీ మధ్య చెక్కడపు పని చేసిన కొయ్య తెర, దాని నెత్తిన సన్నటి అటక, ఆపైన సిలువ మీది క్రీస్తు, పక్కన మరియ, యోహానుల విగ్రహాలు. సిలువను పాత ఇంగ్లీషులో రూడ్ అనేవారు, అందుకే అది రూడ్ తెర, రూడ్ అటక. వెన్‌హాస్టన్‌లో కమాను పైభాగాన్ని పలకలతో మూసి, విగ్రహాలను వాటి ముందే నిలిపారు. 1500కి అటూ ఇటూగా చిత్రకారుడు వాటి చుట్టూ బొమ్మ వేసుకుపోయాడు. వెనకాల కనిపించని చోట రంగు దండగ అనుకున్నాడేమో! ఆ పిసినారితనానికి నేను దణ్ణం పెడతాను. విగ్రహాలు పోయినా వాటి కొలతలు మిగిలాయి.

ఎలా పోయాయంటే, ఆరో ఎడ్వర్డు కాలంలో, 1547 తర్వాత, విగ్రహాలు దించి బొమ్మల మీద సున్నం కొట్టారు. 1561లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం అటకలు తీసెయ్యమంది, కింది తెరలు ఉండనిమ్మంది. అటక ఊడదీశారు సరే, గోడలో కట్టిన మెట్లను ఎవరు పీకుతారు? మీ అబ్బాయి చూసినవి అవే. అలాంటివి ఒకచోట నేనూ ఎక్కాను. భుజాలు రెండూ గోడకి రాసుకున్నాయి. పైనున్న చిన్న గుమ్మంలోంచి కాలు బయటపెడితే కింద నేవ్ నేల తప్ప ఏమీ లేదు. తిరగడానికి జాగా లేక వెనక్కి వెనక్కి దిగాను.

వెన్‌హాస్టన్ పలకల కథ అక్కడితో అయిపోలేదు. 1892లో చర్చి బాగుచేస్తూ, ఈ తెల్లటి చెక్కలెందుకని పెరట్లో పడేశారు. రాత్రి వాన కురిసింది. తెల్లారి చూస్తే సున్నం కరిగి లోపలి మొహాలు బయటపడ్డాయి! ఫొటోని పెద్దది చేసి ఎడమ వైపు చూడండి. స్వర్గద్వారం దగ్గర పేతురు ముందు రాజు, రాణి, బిషప్పు, కార్డినల్ నిలబడ్డారు. ఒంటి మీద నూలుపోగు లేదు, నెత్తిన కిరీటాలూ టోపీలూ మాత్రం వదల్లేదు. మిఖాయేలు దేవదూత త్రాసు పట్టుకుని ఆత్మలను తూస్తున్నాడు. కుడి చివర నరకం చేపనోరులా తెరుచుకుని ఉంది.

ఆ తెర డబ్బు లెక్కలకీ సరిహద్దే. నేవ్ మరమ్మతు ఊరివాళ్లది, చాన్సెల్ మరమ్మతు దశమభాగం, అంటే ఊరి పంటలో పదోవంతు, వసూలు చేసుకునే రెక్టారుది. ఆ బాధ్యత భూమితోపాటు చేతులు మారుతూ వచ్చింది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లోలో పొలం ఉన్న దంపతులు చాన్సెల్ బాగు చేయించాల్సిందేనని 2003లో, అప్పటికి అక్కడి పై కోర్టు కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది.

తెర నిండుగా ఎలా ఉండేదో చూడాలంటే మీ అబ్బాయిని నార్ఫొక్‌లోని రాన్‌వర్త్ చర్చికి వెళ్లమనండి. రంగులు ఇంకా ఉన్నాయి. లోపల చీకటిగా ఉంటుంది, టార్చి పట్టుకెళ్లమనండి.